టోక్యోలో ఒంటరిగా ఉన్నప్పుడు దిగులు పడకుండా రోజులు గడపటం ఎలా?

టోక్యోకి ఒక్కరే వెళ్తున్నవాళ్ళు వీసా గురించి, రైళ్ళ గురించి నాలుగు ప్రశ్నలు అడిగి, చివర్లో అసలు సంగతికి వస్తారు. "సాయంత్రాలు ఎలా గడుస్తాయండీ? అంత జనంలో ఒక్కరమే అయిపోయామని అనిపించదా?" ఇదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది కాబట్టి జవాబు ఒకేసారి వివరంగా రాస్తున్నాను.

అనిపిస్తుంది. కోటీ 40 లక్షల మంది ఉన్న ఊరది. ప్రపంచంలోకెల్లా రద్దీ స్టేషన్‌గా గిన్నిస్ రికార్డు ఉన్న షింజుకులో రోజుకు దాదాపు 30 లక్షల మంది ఎక్కుతూ దిగుతూ ఉంటారు. అంతమందిలోనూ మిమ్మల్ని ఎవరూ పలకరించరు. రైల్లో ఫోన్ మాట్లాడటం కూడా అక్కడ తప్పు కాబట్టి కిక్కిరిసిన పెట్టె కూడా నిశ్శబ్దంగా ఉంటుంది. పక్కసీటు మనిషి "ఏ ఊరు బాబూ?" అని అడిగే రైళ్ళలో పెరిగినవాళ్ళకి ఆ నిశ్శబ్దం మొదటి రోజు బాగుంటుంది, మూడో రోజుకి గుండె మీద బరువులా అనిపిస్తుంది. అది మీ మీద చిన్నచూపు కాదు. ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదన్నది అక్కడి మర్యాద.

నేను చెప్పే పద్ధతి ఇది: వారం పది రోజుల్లో టోక్యోలో స్నేహితుల్ని సంపాదించాలని చూడకండి. మీ మొహం గుర్తుపట్టే చోట్లు రెండు మూడు సంపాదించుకోండి. చాలామందికి దిగులు తగ్గడానికి అది చాలు. కింద చెప్పినవన్నీ దానికోసమే.

కావలసినవి

- ఐదు రోజులకు తగ్గని ప్రయాణం. రెండు రోజులే ఉంటే ఈ పద్ధతి అవసరం లేదు, తిరగడంతోనే సరిపోతుంది.
- సుయికా లేదా పాస్మో కార్డు, అంటే ముందే డబ్బులు వేసుకుని రైళ్ళలో వాడే కార్డు. టికెట్ గొడవ లేకుండా బయటపడటానికి.
- నోటికి వచ్చిన ఐదారు జపనీస్ మాటలు. అవి మూడో, నాలుగో మెట్లలో ఉన్నాయి.
- చిన్న నోట్‌బుక్, పెన్ను.
- కందిపొడి, కారప్పొడి, ఒక పొట్లం పులిహోర పొడి. హెచ్చరిక: చికెన్, మటన్ పచ్చళ్ళు పెట్టుకోకండి, మాంసం కలిసినవి జపాన్‌లోకి తీసుకెళ్ళడం నిషేధం. పచ్చి కరివేపాకు, తాజా పళ్ళు కూడా వద్దు.
- ఇంట్లోవాళ్ళతో ముందే మాట్లాడి పెట్టుకున్న ఫోన్ టైము. దీని సంగతి ఆరో మెట్టులో చెప్తాను.

1. బస చిన్న పేటలో తీసుకోండి

అందరూ షింజుకులోనో షిబుయాలోనో హోటల్ వెతుకుతారు, అన్ని రైళ్ళూ అక్కడికి వస్తాయని. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి అది మంచి ఎంపిక కాదని నా గట్టి అభిప్రాయం. అక్కడ మీరు ఎన్నిసార్లు బయటికొచ్చినా ఎదురయ్యేది కొత్త మొహాలే. అసకుసా, దాని పక్కనే ఉన్న కురామయే, పాత వీధులు మిగిలిన యానకా, పడమటివైపు కిచిజోజి లాంటి పేటలు చూసుకోండి. వీటిలో కూరగాయల కొట్టు, స్నానశాల, పదిమంది పట్టే హోటలు అన్నీ నడిచే దూరంలో ఉంటాయి. అసకుసా నుంచి గింజా లైను ఎక్కితే ఉయెనో, గింజా, షిబుయా అన్నీ ఒకే బండిలో వెళ్ళిపోవచ్చు కాబట్టి తిరగడానికీ లోటు లేదు.

హాస్టల్ అయితే నలుగురూ కూర్చునే హాలు ఉందో లేదో ఫొటోల్లో చూసి బుక్ చేయండి. ఆడవాళ్ళకి విడిగా గది, విడిగా అంతస్తు ఉన్న హాస్టళ్ళు బోలెడు. హాస్టల్ సందడి పడనివాళ్ళు మొదటి మూడు రాత్రులు అక్కడ ఉండి, తర్వాత హోటల్‌కి మారండి.

హెచ్చరిక: పెట్టెల్లాంటి పడకలుండే క్యాప్సూల్ హోటల్ అంటే పక్కపక్కనే పడుకుంటారు కదా, మాట కలుస్తుందని చాలామంది అనుకుంటారు. కలవదు. అక్కడ పడక దగ్గర మాట్లాడటమే కూడదు. నిద్రకైతే బాగుంటుంది, దిగులుకి పనికిరాదు.

2. మొదటి రోజు మూడు చోట్లు ఎంచుకోండి

దిగిన రోజు ఏ గుడికీ, ఏ టవర్‌కీ వెళ్ళకండి. మీ బస చుట్టూ అరగంట దూరంలో నడవండి. మూడు చోట్లు వెతికి నోట్‌బుక్‌లో రాసుకోండి: పొద్దున కాఫీ తాగే చోటు, రాత్రి తినే చోటు, ఊరికే కూర్చునే చోటు.

కాఫీకి కిస్సాతెన్ అనే పాతకాలపు కాఫీ హోటళ్ళు చూడండి. పెద్దాయనో పెద్దావిడో నడుపుతుంటారు, వచ్చేది రోజూ వచ్చేవాళ్ళే. పొద్దున పూట కాఫీ, దళసరి టోస్టు, గుడ్డు కలిపి మార్నింగ్ సెట్ అని ఇస్తారు. కొన్నిచోట్ల లోపల సిగరెట్ కాలుస్తారు, పడకపోతే తలుపు దగ్గరే గమనించి ఇంకోటి చూసుకోండి.

కూర్చునే చోటు వెతకడం తేలికైన పనిలా కనిపిస్తుంది గానీ కాదు. టోక్యో వీధుల్లో బెంచీలు తక్కువ. డబ్బులు పెట్టకుండా ఎక్కడా కూర్చోలేక, కాళ్ళు లాగుతూ తిరిగితే ఎంత మంచి ఊరైనా మనల్ని గెంటేస్తున్నట్టు అనిపిస్తుంది. గుడి ఆవరణ, చిన్న పార్కు, నది గట్టు, పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల మిద్దె మీద తోట, వీటిలో ఒకటి ఖాయం చేసుకోండి. అసకుసాలో ఉంటే సుమిదా నది గట్టు ఉంది.

3. పొద్దున్నే ఒక మనిషితో ఒక మాట

రోజులో మొదటి మాట మధ్యాహ్నం దాకా ఆగితే ఆ రోజు చాలామటుకు మూగగానే గడుస్తుంది. అందుకే తొమ్మిదిలోపు ఎవరితోనైనా ఒక మాట అనండి. అదే కిస్సాతెన్, వీలైతే అదే కుర్చీ, అదే మార్నింగ్ సెట్. లోపలికి అడుగుపెడుతూ "ఒహయో గొజాయిమస్", అంటే శుభోదయం. బయటికి వచ్చేటప్పుడు "గొచిసోసామా దెషిత", తిన్నాక చెప్పే కృతజ్ఞత. రెండో రోజు చిన్న తల ఊపు కనిపిస్తుంది. మూడో రోజు మీరు అడగకముందే మీ కాఫీ ఏమిటో వాళ్ళకి తెలిసిపోవచ్చు.

త్వరగా లేచేవాళ్ళకి ఇంకో మంచి దారి ఉంది. 1928లో మొదలైన రేడియో తాయిసో అనే కసరత్తు కార్యక్రమం జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే రేడియోలో పొద్దున 6:30కి వస్తుంది. చాలా పార్కుల్లో పెద్దవాళ్ళు రేడియో పెట్టుకుని, పియానో పాటకి అనుగుణంగా పది నిమిషాలు చేతులు కాళ్ళు ఆడిస్తారు. టికెట్ లేదు, పేరు రాయించుకోవడం లేదు. వెనక వరసలో నిలబడి ముందువాళ్ళని చూసి చేయండి. మీ పేటలో ఎక్కడ చేస్తారో బసలో అడిగితే చెప్తారు. 

4. రాత్రి భోజనం కౌంటర్ దగ్గర

నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇది. ఎక్కువమంది తప్పు చేసేది కూడా ఇక్కడే. ఒక్కరే హోటల్లోకి వెళ్ళడానికి మొహమాటపడి, షాపులో అన్నం ముద్ద కొనుక్కుని, గదిలో మంచం మీద కూర్చుని ఫోన్ చూస్తూ తింటారు. ఒక రాత్రి అలా తినొచ్చు. వరసగా మూడు రాత్రులు తింటే దిగులు పట్టుకుంటుంది.

టోక్యోలో ఒక్కరే తినడం ఎవరికీ వింత కాదు. చాలా హోటళ్ళలో వంటవాడికి ఎదురుగా పొడుగాటి బల్ల, దాని ముందు వరసగా కుర్చీలు ఉంటాయి. అవి ఉన్నదే ఒక్కరుగా వచ్చేవాళ్ళ కోసం. ఇలా చేయండి.

తలుపు తీసి ఒక వేలు చూపించి "హితోరి దెస్" అనండి. ఒక్కరమే అని అర్థం. వాళ్ళు చూపించిన చోట కూర్చోండి. బయట టికెట్ మిషన్ ఉంటే ముందు డబ్బులు వేసి బొమ్మ ఉన్న బటన్ నొక్కి, ఆ చీటీ కౌంటర్ మీద పెట్టండి. మిషన్ లేనిచోట "ఒసుసుమె వ?" అని అడగండి, ఏది బాగుంటుందని. ఈ ప్రశ్నకి వంటవాడు తప్పకుండా తలెత్తి మీ వైపు చూస్తాడు. ఎక్కడివాళ్ళని అడిగితే "ఇందో కర కిమషిత", ఇండియా నుంచి వచ్చానని. బాగుంటే "ఒయిషీ". లేచేటప్పుడు "మత కిమస్", మళ్ళీ వస్తాను అని. అన్నాక నిజంగానే మళ్ళీ వెళ్ళండి. ఒకే కౌంటర్‌కి మూడు రాత్రులు వెళ్ళినవాళ్ళకి ఊరు వేరుగా కనిపిస్తుంది.

వెళ్ళే టైము ముఖ్యం. 12 నుంచి 1 దాకా, సాయంత్రం 7 నుంచి 8 దాకా గబగబా తిని లేవాలి, వెనక జనం నిలబడి ఉంటారు. సాయంత్రం ఐదున్నరకి వెళ్తే వంటవాడికి ఊపిరి తీసుకునే తీరిక ఉంటుంది.

ఇచిరాన్ లాంటి రామెన్ (రసంలో వేసిన నూడుల్స్) హోటళ్ళ గురించి ఒక మాట. అక్కడ ఒక్కొక్కరికీ మధ్య చెక్క అడ్డు ఉంటుంది, వడ్డించే మనిషి మొహం కూడా కనిపించదు. ఒంటరి ప్రయాణికులకి ఇది చాలా బాగుంటుందని అందరూ చెప్తారు. సరదాకి ఒకసారి వెళ్ళండి, కానీ మనసు బాగోని రోజున వద్దు. అది పంది మాంసం రసంతో చేసే రామెన్ అన్నది కూడా గుర్తుంచుకోండి.

శాకాహారులకి: కూరగాయలే కదా అనుకున్నదాంట్లో కూడా దాషి అనే చేప రసం ఉంటుంది. చూపించడానికి మాంసం, చేప, దాషి వద్దని జపనీస్‌లో రాసిన కాగితం దగ్గర పెట్టుకోండి. టోక్యో స్టేషన్ లోపల ఉన్న టీస్ తాన్‌తాన్‌లో పూర్తి శాకాహార రామెన్ దొరుకుతుంది. అన్నం, కూర పెట్టే కోకో ఇచిబన్యా హోటళ్ళ శాఖలు చాలావాటిలో శాకాహారం కూర ఉంది, ఆర్డర్ ఇచ్చేముందు అడగండి. ఏదీ కుదరని రాత్రి ఏ మూల కొట్టులోనైనా వండిన అన్నం డబ్బా కొని, అక్కడే వేడి చేయించి, కందిపొడి కలుపుకుని తినండి. తిన్నాక మాత్రం గదిలో ఉండిపోకుండా కిస్సాతెన్‌కో కౌంటర్‌కో వెళ్ళి ఒక టీ తాగి రండి.

5. సాయంత్రం 4 నుంచి 8 దాకా ఖాళీ పెట్టకండి

దిగులు వచ్చే టైము ఇది. చూడాల్సినవి మూసేస్తారు. కాళ్ళు నొప్పులు. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. సరిగ్గా ఆ టైముకి ఆఫీసులు వదిలి, జనం జంటలుగా గుంపులుగా హోటళ్ళలోకి వెళ్తుంటారు. ఇంటికి ఫోన్ చేద్దామంటే మన దేశంలో అప్పుడు మధ్యాహ్నం, అందరూ పనిలోనో కునుకులోనో ఉంటారు.

పొద్దున్నే ఆ నాలుగు గంటలకీ ఒక పని అనుకోండి. నడకలు, ఫొటోలు, ఎత్తైన చోట నిలబడి ఊరు చూడటం, ఇవన్నీ పొద్దుటికి మార్చండి. షింజుకులో టోక్యో నగర ప్రభుత్వ భవనం మీద 202 మీటర్ల ఎత్తున ఉచితంగా ఊరంతా చూడొచ్చు. సాయంత్రం అక్కడ అందరూ జంటలుగా ఉన్నచోట ఒక్కరే నిలబడితే దిగులు రెట్టింపవుతుంది. తేటగా ఉన్న చలికాలం పొద్దున వెళ్తే ఫుజి పర్వతం కనిపిస్తుంది.

సాయంత్రానికి పనికొచ్చేవి ఇవి.

బేస్‌బాల్: మార్చి చివరి నుంచి సీజన్. గింజా లైనులో గాయెన్‌మయే స్టేషన్ దగ్గర జింగూ మైదానం, 1926లో కట్టింది. రాత్రి ఆటలు చాలామటుకు ఆరింటికి మొదలు. ఆట తెలియక్కర్లేదు. అక్కడి సొంత జట్టు యాకుల్ట్ స్వాలోస్ అభిమానులు కూర్చునే అవుట్‌ఫీల్డ్ సీటు కొనండి. వాళ్ళ జట్టుకి పరుగు వచ్చినప్పుడల్లా అందరూ చిన్న గొడుగులు తెరిచి ఊపుతూ పాడతారు. గొడుగు కొనుక్కుని మీరూ ఊపండి. రైల్లో పెదవి విప్పని మనుషులు ఇక్కడ గొంతు పోయేలా అరుస్తారు. పక్కసీటు వాళ్ళు మీతో నవ్వుతారు. హెచ్చరిక: ఎదుటి జట్టు రంగు చొక్కా వేసుకుని ఆ సీట్లలో కూర్చోకూడదు.

సుమో: జనవరి, మే, సెప్టెంబరుల్లో రియోగోకులో పదిహేనేసి రోజులు. పెద్ద మల్లులు దిగేది మధ్యాహ్నం మూడున్నర తర్వాత, ఆరింటికి ముగుస్తుంది. టికెట్లు త్వరగా అయిపోతాయి, ఇంటి దగ్గరే బుక్ చేసుకోండి.

సెంతో: పేటలో ఉండే స్నానశాల. 2024 ఆగస్టులో ధర 550 యెన్లు చేశారు. ఆడవాళ్ళకి, మగవాళ్ళకి వేరువేరు. లోపల ఒంటి మీద బట్ట ఉండకూడదు, మనవాళ్ళకి మొదట సిగ్గనిపిస్తుంది. ఎవరూ చూడరు. ముందు కూర్చుని సబ్బుతో శుభ్రంగా స్నానం చేసి, ఆ తర్వాతే వేడినీళ్ళ తొట్టిలోకి దిగాలి. తువ్వాలు నీళ్ళలో ముంచకూడదు. ఒళ్ళు అలిసిపోయిన సాయంత్రం దీనికి సాటి లేదు.

ఏదీ కుదరకపోతే అసకుసాలో సెన్‌సోజి గుడికి చీకటి పడ్డాక వెళ్ళండి. లోపలి మందిరం ఐదింటికి మూసేసినా ఆవరణ తెరిచే ఉంటుంది, దీపాలు వేస్తారు. పగటి తోపులాట ఉండదు, పేటవాళ్ళు కుక్కల్ని తిప్పుతూ కనిపిస్తారు.

హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి: రాత్రి కబుకిచో, రొప్పొంగి లాంటి బార్ల పేటల్లో మీ దగ్గరికి తనే వచ్చి ఇంగ్లీషులో ఆప్యాయంగా మాట్లాడి, మంచి బార్ చూపిస్తానన్న మనిషి వెంట వెళ్ళకండి. రోజంతా ఎవరూ పలకరించని మనిషికి ఆ పలకరింపు ఎంతో బాగుంటుంది, వాళ్ళకి కావలసింది అదే. లోపలికి వెళ్ళాక వేలకి వేలు బిల్లు వేస్తారు. అలాంటివాళ్ళని నమ్మవద్దని ఆ వీధుల్లో మైకులో ప్రకటనలు కూడా వస్తుంటాయి. డేటింగ్ యాప్‌లో పరిచయమై, తనకి తెలిసిన బార్‌కే రమ్మని పట్టుబట్టేవాళ్ళూ ఇదే కోవ. ఇబ్బందిలో పడితే దగ్గర్లో ఉన్న కోబన్‌కి, అంటే వీధి మూల పోలీసు గదికి నడవండి. పోలీసు నంబరు 110, అంబులెన్సుకి 119.

6. ఇంటికి రోజుకి ఒక్కటే ఫోన్, ముందే అనుకున్న టైముకి

టోక్యో మనకన్నా మూడున్నర గంటలు ముందు. అక్కడ పొద్దున పదింటికి ఇక్కడ ఆరున్నర, అమ్మ కాఫీ పెట్టుకునే టైము. అక్కడ రాత్రి పదకొండున్నరకి ఇక్కడ ఎనిమిది. ఈ రెండిట్లో ఒకటి ఖాయం చేసుకోండి. నేనైతే పొద్దుటిదే మంచిదంటాను. రాత్రి ఫోన్ పెట్టేశాక ఆ గది ఇంకా బోసిగా అనిపిస్తుంది, పొద్దున పెట్టేశాక బయటికెళ్ళే పని ఉంటుంది.

ఫోన్‌లో చెప్పడానికి ముందురోజు చూసిన ఒక్క సంగతి నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. "తిన్నావా? తిన్నాను" దగ్గర ఆగిపోయే ఫోన్లు రెండు వైపులా బెంగ పెంచుతాయి.

7. తెలుగు మాట వినాలనిపిస్తే

తోజాయ్ లైనులో నిషి కసాయి వెళ్ళండి. 2000 ప్రాంతం నుంచి మన దేశపు ఐటీ ఉద్యోగులు కుటుంబాలతో స్థిరపడిన పేట. మన సరుకుల కొట్లు, మన భోజనం దొరుకుతాయి. ఆదివారం పార్కుల్లో మన పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. తెలుగు చెవిన పడితే ధైర్యంగా పలకరించండి, పరాయి దేశంలో మనవాళ్ళు మొహం తిప్పుకోవడం అరుదు. కాకపోతే మొదటి రోజే అక్కడికి పరిగెత్తకండి. నాలుగో రోజు దాకా ఆగితే మీ పేటకి అలవాటు పడే అవకాశం ఉంటుంది.

తరచూ జరిగే పొరపాట్లు

రోజుకి ఏడెనిమిది చోట్లు పెట్టుకోవడం అన్నిటికన్నా పెద్దది. పరుగులో దిగులు మర్చిపోవచ్చనుకుంటారు. రాత్రికి ఒళ్ళు పూర్తిగా పడిపోయి, అప్పుడు ఒక్కసారిగా మీద పడుతుంది. మూడు చాలు.

ఆకలిని, నిద్రలేమిని దిగులు అనుకోవడం ఇంకోటి. "టికెట్ మార్చుకుని వెళ్ళిపోదాం" అనిపించిన నిమిషంలో ఏదీ తేల్చుకోకండి. వేడిగా ఏదైనా తిని, పడుకుని, పొద్దున మళ్ళీ ఆలోచించండి.

స్టేటస్ పెట్టి ఎవరెవరు చూశారో లెక్కపెట్టడం. ఫొటో పొద్దున ఒకసారి పెట్టి వదిలేయండి.

అక్కడివాళ్ళు నవ్వలేదని బాధపడటం. కొట్లోకి వెళ్ళగానే "ఇరాష్షయిమాసె" అని గట్టిగా అంటారు. అది స్వాగతమే, జవాబు కోసం చూడరు, తల ఊపితే చాలు.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

మూడో రాత్రి నోట్‌బుక్ తీసి రాయండి. ఈ రోజు "థాంక్యూ" కాక ఇంకో మాట ఎవరితోనైనా అన్నానా? నన్ను గుర్తుపట్టిన మనిషి ఒకరైనా ఉన్నారా? మ్యాప్ చూడకుండా స్టేషన్ నుంచి బసకి రాగలిగానా? మూడిట్లో రెండింటికి అవునంటే దారిలో ఉన్నారు, ఇలాగే సాగించండి. ఒకటే అయితే చూడాల్సినవాటిలో సగం తీసేసి, అదే కౌంటర్‌కి రేపు కూడా వెళ్ళండి. ఒక్కటీ లేకపోతే బస మార్చండి, హాలు ఉన్న హాస్టల్‌కి. ఒక రోజు అద్దె పోయినా ఫరవాలేదు.

అప్పుడప్పుడూ దిగులు కలగడం మామూలే, అది పూర్తిగా పోవాలని పట్టుబట్టకండి. కానీ రెండు రోజులు వరసగా నిద్ర పట్టకపోయినా, తినబుద్ధి కాకపోయినా, గదిలోంచి బయటికి రాలేకపోయినా, బతకాలని లేదనిపించినా అది ఈ పద్ధతితో పోయేది కాదు. ఇంట్లోవాళ్ళకి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి. టోక్యోలో టెల్ అనే సంస్థ ఇంగ్లీషులో ఫోన్ ద్వారా మాట్లాడే లైఫ్‌లైన్ నడుపుతోంది. దాని నంబరు, పనిచేసే వేళలు బయల్దేరేముందే చూసి ఫోన్‌లో పెట్టుకోండి. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే 119కి చేయండి. టికెట్ కొనేటప్పుడే తేదీ మార్చుకునే వీలున్నది తీసుకుంటే, మధ్యలో వెనక్కి రావాల్సి వచ్చినా చేతిలో దారి ఉంటుంది. ధర కాస్త ఎక్కువైనా మొదటిసారి ఒంటరిగా వెళ్ళేవాళ్ళు అదే కొనండి.